కుక్క నీళ్లు ఎక్కువ తాగుతుంటే

నీళ్ల సంగతి నల్లగొండకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ ఒక్క స్థానానికి 480 మంది పోటీకి దిగారు. వాళ్లలో చాలామంది గెలవడానికి నిలబడలేదు. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ తాగి నడుములు వంగిపోతున్న ఊళ్లకు కృష్ణా జలాలు కావాలన్న మాట ఢిల్లీ చెవిన వేయడానికి నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. అంతకు నలభై ఏళ్ల ముందే, 1955లో, ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పెట్టిన పేరే ‘నల్లగొండ టెక్నిక్’. జబ్బు ముదిరాక మందుల కోసం తిరగడం కన్నా ముందు తాగే నీళ్లు మార్చాలన్న సంగతిని ఇంత ఖరీదు కట్టి నేర్చుకున్న జిల్లాలు దేశంలో తక్కువ.

అలాంటి చోట కూడా, పక్కనున్న పాలమూరు (మహబూబ్‌నగర్)లో కూడా, ఇంటి కుక్క నీళ్ల గిన్నె వంక చూసేవాళ్లు అరుదు. మనిషి బాధ పక్కన కుక్క బాధను పెట్టి తూచాలని కాదు. చూసే చూపు ఒకటే కావాలని మాత్రమే మా మాట. గిన్నె రోజుకు మూడుసార్లు ఖాళీ అవుతుంటే ఎండాకాలం కదా, తాగనీ అనుకుంటాం. ఎన్నడూ లేనిది రాత్రివేళ లేచి తలుపు గీకితే, తెల్లారేసరికి గచ్చు మీద మడుగు కనిపిస్తే, ముసలిదైపోయింది పాపం అని సరిపెట్టుకుంటాం. మూత్రం ధారాళంగా పోస్తోంది గనుక కిడ్నీలకేం ఢోకా లేదని ధైర్యం చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. నిజానికి మూత్రపిండాలు చెడుతున్నాయని కుక్క పంపే మొదటి కబురు చాలాసార్లు ఇదే. ఒంట్లో నీటిని పట్టి ఉంచే శక్తి తగ్గేసరికి మూత్రం పలచబడి ఎక్కువగా పోతుంది. పోయిన నీటిని పూడ్చుకోవడానికి కుక్క మళ్లీ మళ్లీ గిన్నె దగ్గరికి వస్తుంది. అది చూసి రాత్రి గిన్నె తీసేయడం లాంటి తప్పు మరొకటి లేదు.

లెక్క కావాలంటే ఇదీ లెక్క. కుక్క బరువు కిలోకు రోజుకు 100 మిల్లీలీటర్లు మించి నీళ్లు తాగుతుంటే అనుమానించాలి. అంటే 20 కిలోల కుక్క రెండు లీటర్లు దాటిందా, ఆలోచించాల్సిందే. నడివేసవిలో, అదీ పొడి ఫుడ్డు గింజలు తినే కుక్క అయితే కొంత ఎక్కువ తాగడం మామూలే. అందుకే ఒక్కరోజు చూసి బెంబేలు పడకుండా వరసగా నాలుగు రోజులు మగ్గుతో కొలిచి పోయాలి. మూత్రపిండంలోని వడపోత గదులు మూడింట రెండొంతులు పోయేదాకా మూత్రం పలచబడదు. నాలుగింట మూడొంతులు పోతేగానీ రక్త పరీక్షలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగినట్టు కనిపించదు. అప్పటిదాకా తోక ఊపుతూనే ఉంటుంది, గేటు దగ్గర మొరుగుతూనే ఉంటుంది. మిగిలిన పావు వంతుతోనే బతుకంతా నెట్టుకొస్తోందని ఇంట్లోవాళ్లకు తెలియదు. తెలిసేసరికి నోటి నుంచి ఒక రకమైన ఘాటు వాసన, వాంతులు, చిగుళ్ల మీద పుళ్లు, ఎదురుగా పెట్టిన మాంసం ముక్కను కూడా ముట్టని విముఖత మొదలై ఉంటాయి.

ఈ జబ్బు మన పల్లెలకు కొత్తగా కనిపించడానికి ఒక కారణం ఉంది. గొర్రెల మంద వెంట పోయే కుక్క గటకో అంబలో తాగి, పరుగెత్తి, రక్తపింజర కాటుకో లారీ చక్రానికో సగం వయసులోనే పోయేది. మూత్రపిండాలు అరిగిపోయేదాకా బతికే భాగ్యం దానికి తక్కువ. ఇప్పుడు మిర్యాలగూడలో, దేవరకొండలో, జడ్చర్లలో, వనపర్తిలో లాబ్రడార్లు, పొమేరియన్లు, షిట్జూలు మంచాల మీద పడుకుంటున్నాయి. టీకాలు పడుతున్నాయి. పదేళ్లు, పన్నెండేళ్లు బతుకుతున్నాయి. షిట్జూ, లాసా ఆప్సో లాంటి జాతుల్లో పుట్టుకతోనే మూత్రపిండాలు సరిగా ఎదగని లోపం కూడా ఉంటుంది. దీర్ఘాయువుతో వచ్చే జబ్బులను కుక్కల్లో చూసుకోవడం మన జిల్లా పట్టణాలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాయి.

డాక్టరు ‘ఇది నయం కాదమ్మా, నెట్టుకురావడమే’ అన్న తర్వాత ఇంట్లోవాళ్లు వేరే దారులు వెతకడం సహజం. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుకు అల్లోపతిలోనూ నయం చేసే మందు లేదు గనుక, పక్కింటి పెద్దమ్మ చెప్పిన ఆకుపసరును కసురుకునే హక్కు ఎవరికీ లేదు. హైదరాబాద్ పోయి రావాలంటే ఒక పనిదినం పోతుంది, కారు కిరాయి అవుతుంది. ఆకేమో చెలక గట్టునే ఉంటుంది. పైగా పసరు నూరి పోస్తున్న చేతికి ఏదో చేస్తున్నామన్న నిమ్మళం దొరుకుతుంది. అది చిన్న సంగతి కాదు. ఒకటే షరతు: ఆ పసరు నిజంగా ఏం చేస్తుందో తెలుసుకుని పోయాలి.

గలిజేరునే తీసుకుందాం. పునర్నవ అని ఆయుర్వేదం మెచ్చుకునే ఈ మొక్కను మూత్రపిండాలకు వాడటం పాత వైద్యమే. దీన్ని కుక్కల మీద శాస్త్రీయంగా పరీక్షించింది మన తెలుగు పశువైద్యులే. దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం ఉన్న కుక్కల్లో కొన్నింటికి రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్ మాత్రలు, మరికొన్నింటికి పునర్నవ వేరు సారం 90 రోజుల పాటు ఇచ్చి చూసి, రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయని 2015లో ఒక ఆయుర్వేద పరిశోధన పత్రికలో ప్రకటించారు. సంతోషించాల్సిన మాట. కాకపోతే ఆ పరీక్షలో ఉన్నవి కొద్ది కుక్కలే. వాటికి సారంతో పాటు సెలైన్లూ ఎక్కాయి, రక్త పరీక్షలూ స్కానింగులూ ఎప్పటికప్పుడు జరిగాయి. గట్టున పీకిన ఆకును గుప్పెడు నూరి పోయడం ఆ వైద్యం కాదు. మరో చిక్కు. గలిజేరు అని మన దగ్గర రెండు వేర్వేరు మొక్కలను పిలుస్తారు. అందులో వానాకాలం చెలకల్లో గుబురుగా పెరిగే, కూర వండుకునే మొక్కలో ఆగ్జలేట్లు ఎక్కువ. రాళ్లు కట్టే స్వభావమున్న ఆగ్జలేట్లను చెడిన కిడ్నీ మీద రుద్దడం ఎవరికి మేలు?

గాడిదగడప మరీ ప్రమాదం. నల్లరేగడి చేలల్లో తీగలా పాకే ఈ చేదు ఆకును పశువులకు పురుగుల మందుగా వాడటం పల్లెల్లో తెలిసినవాళ్లకు తెలుసు. ఇది అరిస్టలోకియా కుటుంబపు మొక్క. ఆ కుటుంబంలోని అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను మళ్లీ కోలుకోనీయకుండా తినేస్తుందని ప్రపంచానికి తెలిసింది 1993లో. బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికల మందు వాడిన ఆడవాళ్లకు వరసగా కిడ్నీలు పోయాయి. వెతికితే మందులో ఈ జాతి మొక్క కలిసింది. క్యాన్సర్ కారకాల జాబితాలోనూ దానికి మొదటి వరసలోనే చోటిచ్చారు. ప్రకృతిలో పెరిగింది గనుక హాని ఉండదనే నమ్మకానికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. కుక్కకు నట్టల మందు కావాలంటే పశువుల దవాఖానలో మాత్ర దొరుకుతుంది.

చింతపండు కథ ఇంకా కొత్తది. ద్రాక్ష, కిస్మిస్ తిన్న కొన్ని కుక్కలకు రెండు మూడు రోజుల్లో కిడ్నీలు ఎందుకు ఆగిపోతున్నాయో పశువైద్యులకు చాలాకాలం అంతుపట్టలేదు. అమెరికాలో జంతువుల విషప్రభావాలను చూసే కేంద్రంలోని వైద్యులకు, ఇంట్లో చేసిన ఆట పిండిముద్ద తిన్న కుక్కలో అవే లక్షణాలు కనిపించాయి. ఆ పిండిలో వంటకు వాడే టార్టార్ పొడి ఉంది. అక్కడ తీగ లాగితే టార్టారిక్ ఆమ్లం దగ్గర తేలింది. 2021లో ఆ అనుమానం ప్రకటించారు. 2022లో చింతపండు తిని అలాగే జబ్బుపడ్డ కుక్కల సంగతీ వైద్య పత్రికకెక్కింది. ఊరి పొలిమేరనే చింతతోపులున్న పాలమూరుకు ఇది పరాయి వార్త కాదు. రెండు మెతుకుల చారన్నం నాకిన కుక్క చచ్చిపోతుందని ఎవరూ అనడం లేదు. చింతపండు దంచే రోజుల్లో ఎండబెట్టిన చాప మీదికి కుక్కను రానివ్వకుండా, పులుసు అడుగును దాని పళ్లెంలో పోయకుండా ఉంటే చాలు. పులుసులో ఎలాగూ ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి దాని రక్తకణాలను విరిచేస్తాయి. కిడ్నీ జబ్బుతో అసలే నెత్తురు తగ్గిన కుక్కకు అది రెండో దెబ్బ.

చలువ చేస్తుందని కొబ్బరినీళ్లు తాగించేవాళ్లున్నారు. అందులో పొటాషియం దండిగా ఉంటుంది. కొన్ని కిడ్నీ కుక్కల్లో పొటాషియం తగ్గి ఉంటుంది, కొన్నింట్లో పెరిగి గుండెను పట్టుకుంటుంది. తమ కుక్క వీటిలో ఏదో పరీక్షతోనే తెలుస్తుంది. బార్లీ నీళ్లతో ఇబ్బంది లేదు. హోమియో చుక్కలు చెడిన కిడ్నీని బాగుచేస్తాయనడానికి ఆధారం లేదు.

ఇక అసలు మందు దగ్గరికి వద్దాం. అది పళ్లెంలో ఉంది. ఆదివారం మటన్ తెచ్చుకున్నాక బొక్కలన్నీ కుక్కవే. మన జిల్లాల్లో ఇది రాజ్యాంగంలో రాసుకోని హక్కు. కానీ బొక్క అంటే భాస్వరం గుట్ట. కాలేయం, బోటి, గుడ్డు పచ్చసొన, పాలల్లోనూ భాస్వరం మెండు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండం మిగులు భాస్వరాన్ని బయటికి పంపేస్తుంది. చెడిన మూత్రపిండం పంపలేక రక్తంలోనే ఉంచేస్తుంది, ఆ భాస్వరం మళ్లీ మిగిలిన కిడ్నీనే తినడం మొదలుపెడుతుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వైద్యులు ఇంట్లో పెరుగుతున్న 38 కిడ్నీ జబ్బు కుక్కలను తీసుకుని, కొన్నింటికి భాస్వరం, మాంసకృత్తులు తగ్గించి చేపనూనెలోని మంచి కొవ్వులు కలిపిన తిండి, మిగతావాటికి మామూలు తిండి పెట్టి రెండేళ్ల దాకా గమనించారు. 2002లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం, తిండి మార్చిన కుక్కలకు ఒళ్లు విషమయ్యే ప్రమాదం సుమారు నాలుగింట మూడొంతులు తగ్గింది. అవి ఎక్కువకాలం బతికాయి కూడా. ఏ ఆకుకూ, ఏ మాత్రకూ ఇంత బలమైన సాక్ష్యం లేదు. సంపూర్ణ వైద్యం అని పట్టణాల్లో ఇప్పుడు వేలకు వేలు తీసుకుని చెబుతున్నదాంట్లో ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్న భాగం ఇదే.

అలాగని మాంసకృత్తులు పూర్తిగా ఆపేసి ఉత్త పెరుగన్నంతో కుక్కను ఎండగట్టకూడదు. కండ కరిగిపోయిన కుక్క త్వరగా పోతుంది. మొదటి దశలో మాంసం మరీ తగ్గించనక్కర్లేదు, భాస్వరం తగ్గించాలి. మెత్తగా వండిన అన్నం, ఉడికిన గుడ్డు తెల్లసొన, చర్మం తీసి ఉడికించిన కోడిమాంసం కొద్దిగా, సొరకాయో గుమ్మడికాయో రెండు ముక్కలు, పైన కొంచెం నూనె. ఉప్పు వద్దు. ఇది కొన్నాళ్లకు సరిపోతుంది, ఏళ్ల తరబడి సరిపోదు. కుక్కల, పిల్లుల కిడ్నీ జబ్బు కోసం పుస్తకాల్లో, మరోచోట ప్రచారంలో ఉన్న ఇంటి వంటల చిట్టాలను కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం పరీక్షించి, అన్ని పోషకాలూ సరిపడా ఉన్నది ఒక్కటీ లేదని 2012లో తేల్చింది. ఎక్కువకాలం ఇంటి తిండే పెట్టదలిస్తే కాల్షియం, విటమిన్లు ఎంత కలపాలో పశువైద్యుడి చేత రాయించుకోవాలి. కొనగలిగితే కిడ్నీ కుక్కల కోసం తయారైన ఫుడ్డు ఉంది, ఖరీదు మాత్రం ఘనం. నమ్మకం లేనివాళ్లను తప్పుపట్టలేం. 2007లో అమెరికా, కెనడాల్లో పెంపుడు జంతువుల ఫుడ్డులో మెలమిన్ కలిసి ఎన్నో కుక్కలు, పిల్లులు ఈ కిడ్నీ వైఫల్యంతోనే చనిపోయాయి. డబ్బా మీది బొమ్మను చూసి మురవకుండా వెనకున్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోవాలి.

మూత్రపిండాలను కాపాడేవాటిలో సగం ‘చేయకుండా ఉండటం’లోనే ఉంది. కుంటుతున్న కుక్కకు ఇంట్లో తాత వేసుకునే కీళ్లనొప్పుల మాత్ర సగం విరిచి పెట్టడం ఎంత మామూలో అంత ప్రమాదం. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండానికి రక్తం అందే దారిని ఇరుకు చేస్తాయి. ఎండకు డస్సి నీరు తగ్గిన కుక్క అయితే ఒక్క దెబ్బతో కిడ్నీ ఆగిపోవచ్చు. డైక్లోఫెనాక్ ఏం చేయగలదో చూడాలంటే ఊరి బయట ఆకాశం వైపు చూస్తే చాలు. ఆ మందు ఎక్కిన పశువుల కళేబరాలు తిని, మూత్రపిండాలు చెడి రాబందులు రాలిపోతున్నాయని 2004లో బయటపడింది. 2006లో మన దేశం పశువులకు దాన్ని నిషేధించింది. అప్పటికే ఆకాశం ఖాళీ అయింది.

గోమార్ల సంగతీ ఇందులోదే. గోమారి కుట్టినచోట పోయే కాస్త నెత్తురుతో నష్టం లేదు. అది ఎక్కించే ఎర్లికియా క్రిమి రక్తాన్ని, ఆ వెనక మూత్రపిండాల జల్లెడను పట్టుకుంటుంది. జ్వరం తగ్గిందని మరిచిపోయిన కుక్క కొన్ని నెలల తర్వాత మూత్రంలో ప్రొటీన్ పోగొట్టుకుంటూ కనిపిస్తుంది. గోమార్లు పోవాలని పత్తిచేలకు కొట్టే మందు నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పూసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని మానాలి. రైస్‌మిల్లులకు పేరుపడ్డ మిర్యాలగూడ లాంటి చోట ఎలుకలకు కొదవ ఉండదు. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరా కుక్క కిడ్నీలను రోజుల్లో దెబ్బతీస్తుంది, కుక్క మూత్రం నుంచి మనిషికీ అంటుతుంది. ఏటా వేయించే టీకాలో లెప్టో ఉందా లేదా అని అడిగి వేయించుకోవాలి. సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అనేవాటిలో సాధారణంగా ఉంటుంది. పాముకాటు, వడదెబ్బ, ఆపరేషన్ చేయించని ఆడకుక్క గర్భసంచిలో చీము, ఇవన్నీ కిడ్నీని ఉన్నట్టుండి ఆపేసేవే. ఇలా ఉన్నట్టుండి ఆగిన కిడ్నీ, సకాలంలో వైద్యం అందితే మళ్లీ నడవగలదు. మెల్లగా అరిగిన కిడ్నీ నడవదు. రెంటినీ ఒకటే అనుకుని ఇంట్లో పసరు పోస్తూ మూడు రోజులు గడిపితే, బతకాల్సిన కుక్క కూడా పోతుంది.

నీళ్ల గిన్నె గురించి మరొక్క మాట. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌లో చాలా భాగాన్ని బయటికి పంపేది మూత్రపిండాలే. అవి చెడితే ఫ్లోరైడ్ ఒంట్లోనే మిగిలిపోతుంది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథ నల్లా ఇప్పుడు వాకిట్లోకి వచ్చింది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఇళ్లల్లో మనుషులు నల్లా నీళ్లు తాగుతూ కుక్కకు మాత్రం పెరట్లోని పాత బోరునీళ్లు పోసే అలవాటు ఇంకా ఉంది. కిడ్నీ కుక్క ఉన్న ఇంట్లో ఆ తేడా వద్దు.

మిర్యాలగూడలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో పదకొండేళ్ల లాబ్రడార్‌కు సెలైన్ ఎక్కించడం చూశాం. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సీసాను ముందు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, చల్లదనం పోయాక కిటికీ ఊచకు వేలాడగట్టారు. కుక్క గోనెపట్టా మీద పడుకుని ఉంది. నేర్పిన గోపాలమిత్ర (ఊళ్లో పశువులకు సేవచేసే సహాయకుడు) పక్కనే నిలబడి, “తోలొక్కటే లేపుండ్రి మేడం, కండల వడద్దు” అంటున్నాడు. రెండు భుజాల నడుమ వదులు తోలును ఆమె ఎడమచేత్తో పైకెత్తితే చిన్న గుడారంలా లేచింది. దాని మొదట్లో సూది దించి గొట్టం తిప్పగానే సీసాలో బుడగలు లేచాయి. పావుగంటలో కుక్క వీపు మీద ఎద్దు మూపురమంత ఉబ్బు వచ్చింది. “అయిపోయింది బిడ్డా, అయిపోయింది” అంటూ ఆమె దాని చెవి వెనక నిమురుతూనే ఉన్నారు. సాయంత్రానికి ఆ ఉబ్బు ముందుకాలు దాకా జారి, తెల్లారేసరికి ఒంట్లో ఇంకిపోతుందట. ఆ మర్నాడు అది గుడ్డు తెల్లసొన కలిపిన అన్నం తిన్నదని ఫోన్‌లో చెబుతుంటే ఆమె గొంతులో సంబరం దాగలేదు. ఎంత ఎక్కించాలో, వారానికి ఎన్నిసార్లో డాక్టరే చెప్పాలి. గుండె బలహీనంగా ఉన్న కుక్కకు ఇదే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. డాక్టరు సలహా, చేయి తిరిగిన సహాయకుడు, ఓపికున్న ఇల్లు మూడూ కలిస్తే హైదరాబాద్‌కు తిరిగే తిరుగుడు చాలా తగ్గుతుంది. సంపూర్ణ వైద్యమంటే మాకు ఆ గోనెపట్టా చుట్టూ కనిపించింది.

ఇక ఈ జబ్బు దశలూ చెప్పుకోవాలి కదా. 1998లో ఏర్పడిన ఐరిస్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం కుక్కల కిడ్నీ జబ్బును నాలుగు దశలు చేసింది. క్రియాటినిన్ 1.4 లోపు ఉన్నా మూత్రంలో, స్కానింగులో తేడా కనిపిస్తే మొదటిది. 2.8 దాకా రెండోది. 5 దాకా మూడోది. ఆపైన నాలుగోది. దాంతోపాటు మూత్రంలో పోయే ప్రొటీన్, రక్తపోటు కూడా చూసి మందు రాస్తారు. కుక్కకు బీపీ ఏమిటని నవ్వేవాళ్లకు చెప్పేదేమంటే, 160 దాటిన పోటు కుక్క కిడ్నీని, కంటిచూపును కూడా దెబ్బతీస్తుంది. మొదటి రెండు దశల్లో పట్టుకున్న కుక్కకు తిండి, నీళ్లు, పోటు సరిచూసుకుంటూ ఏళ్ల తరబడి మంచి బతుకు ఇవ్వవచ్చు. నాలుగో దశలో తెచ్చిన కుక్కకు చేయగలిగింది తక్కువ. కుక్కలకు డయాలసిస్ చేసే చోట్లు దేశంలోనే కొద్ది. చెన్నైలోని మద్రాస్ పశువైద్య కళాశాల వాటిలో ఒకటి. అదీ ప్రధానంగా ఉన్నట్టుండి ఆగిన కిడ్నీలకే.

చివరి రోజుల మాట ఎత్తడం అందరికీ బరువే. కుక్క తిండి పూర్తిగా మానేసి, నీళ్లు కూడా కక్కుకుంటూ, మనిషిని చూసి తల ఎత్తలేని స్థితికి వచ్చాక సెలైన్ల మీద సెలైన్లు ఎక్కించడం ఎవరి కోసమో ఆలోచించాలి. నొప్పి లేకుండా సాగనంపే ఇంజెక్షన్ పశువైద్యుడి దగ్గర ఉంది. పాపమని వద్దనుకునేవాళ్లు వద్దనుకోవచ్చు. ఇంట్లోనే నీడపట్టున పడుకోబెట్టి, నోరు తడుపుతూ, వాంతి తగ్గే మందు ఇప్పిస్తూ పక్కన కూర్చోవడమూ సేవే. తెల్లవారుజామున తీసుకెళ్లి ఊరి చివర వదిలేసి రావడం మాత్రం ఏ లెక్కన చూసినా కుదరదు.

మరి ముందుగా పట్టుకోవడం ఎలా? హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల 1946 నాటిది. ఇప్పుడది పీవీ నరసింహారావు పేరిట ఉన్న విశ్వవిద్యాలయంలో భాగం. పెద్ద పరీక్షలకు అక్కడికి పోక తప్పదు. మొదటి పరీక్షకు మాత్రం అంత దూరం అక్కర్లేదు. పొద్దున్నే కుక్కను బయటికి తీసుకెళ్లినప్పుడు కర్రకు కట్టిన స్టీలు గరిటె మెల్లగా కింద పెడితే నాలుగు చెంచాల మూత్రం దొరుకుతుంది. శుభ్రమైన సీసాలో పోసి రెండు గంటల్లోపు దవాఖానకు చేర్చాలి. మూత్రం ఎంత చిక్కగా ఉందో, ప్రొటీన్ పోతోందో లేదో చూస్తే సగం కథ తెలిసిపోతుంది. రంగు కాగితంతో చిక్కదనం చూడటం కుక్కల్లో నమ్మదగింది కాదు. దానికి రిఫ్రాక్టోమీటర్ కావాలి. అరచేతిలో పట్టే ఆ పరికరం ఖరీదు కొన్ని వేల రూపాయలే, కరెంటు కూడా అక్కర్లేదు.

ఏడేళ్లు దాటిన కుక్క ఇంట్లో ఉన్నవాళ్లు ఏడాదికోసారి ఈ మూత్ర పరీక్షా, దాంతోపాటు క్రియాటినిన్ పరీక్షా చేయించాలి. పసరు పోయదలిస్తే పోస్తున్న సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. చెప్పినప్పుడు కసురుకోకుండా వినడం డాక్టరు బాధ్యత. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల్లోని ప్రతి మండల పశువైద్యశాలకూ ఒక రిఫ్రాక్టోమీటరు, ఒక డబ్బా మూత్ర పరీక్ష పట్టీలు ఇవ్వాలని పశుసంవర్ధక శాఖను కోరుతున్నాం. గేదెలకూ గొర్రెలకూ కూడా అవి పనికొస్తాయి.